రోట్లో నేర్చిన గేర్లు

హలో, అందరూ బాగున్నారా? బువ్వ తిన్నారా? ఒక్క రెండు నిమిషాలు లైన్లో ఉండండి. మా అవ్వ సంగతి ఒకటి చెప్తాను.

ఆదోనిలో ఒక ఇంటి వాకిలి. వాకిట్లో రోలు, రోట్లో రోకలి.

రోట్లో ఒక్క గింజ లేదు.

కుడిపక్క పీట మీద మా తాత వీరేశం ఎడమకాలు నేలకేసి అదుముతున్నాడు. ఆ కాలు అదిమినప్పుడల్లా, ఎడంపక్క కూర్చున్న మా అవ్వ గిరిజమ్మ రోకలిని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు వంచుతోంది.

యాభైల నాటి మాట. అప్పటికి మా అమ్మ కూడా పుట్టలేదు.

తాత, భీమప్ప అనే ఆయన టాక్సీ కారుకు డ్రైవరు. ఒకరోజు కారు స్టార్టు చేయడానికి, దాని ముందువైపు పెట్టే హ్యాండిలు తిప్పుతుంటే అది ఎదురు తన్నింది. ఎడమ మణికట్టు విరిగింది. పుండు ముదిరి, మోచేతి కింద తీసేశారు.

గేరు వేసే చెయ్యి అదే.

భీమప్ప ఇంటికొచ్చి చూశాడు.

"స్టీరింగంటే ఒంటిచేత్తో తిప్పుతావు. గేరు యాట్ల ఏస్తావప్పా? ఇంకొకణ్ణి సూసుకుంటాలే. నువ్వు మీవోళ్ల మాదిరి మగ్గం నేసుకో."

"మగ్గానికి రెండు సేతులొద్దా అన్నా?" అన్నాడు తాత.

తలుపు వెనక నుంచి అవ్వ అంది. "గేరు నేనేస్తా."

భీమప్ప నవ్వాడు. తాత నవ్వలేదు.

అవ్వది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. గుంత మగ్గంలో కాలు కిందికి పోయిందంటే కుడిచెయ్యి తాడు లాగాలి. అప్పుడే నూలు మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు దూకుతుంది. కాలు చెప్తుంది, చెయ్యి వింటుంది.

ఇక్కడ క్లచ్చి తొక్కే కాలు మొగుడిది. అంతే తేడా.

రోకలితో అలవాటయ్యాక ఎమ్మిగనూరు దారిలో కారు తీశారు. వెనక సీట్లో భీమప్ప. దారిపొడుగునా తమలపాకుకు సున్నం రాసుకుంటూనే ఉన్నాడు.

దిగేటప్పుడు పంచె దులిపి చూసుకున్నాడు. సున్నం పడలేదు.

"జరగనీ," అన్నాడు.

మగ్గాల వీధిలో ఒక ముసలాయన అరుగు మీద నుంచే అడిగాడు. "ఏం గిరిజమ్మా, మగ్గాన్ని యాడికి తోలకపోతాండావు?"

"నీకు పిల్లను సూసేకి మామా. వస్తే ఎక్కు."

మొదట్లో గేరు మార్చాల్సి వస్తే తాత "ఊఁ" అనేవాడు.

"నీ మోకాలు సెప్పినాక మల్లా నోరెందుకు?" అంది అవ్వ.

తర్వాత ఆయన అనడం మానేశాడు.

కోడుమూరు వానలో, హొళగుంద ఎండలో అలాగే తిరిగారు. ఆ రోజుల్లో మొగుడూ పెళ్లాం నలుగురి ముందు పక్కపక్కన కూర్చునేవాళ్లు కాదు. వాళ్లకు ఆ కారొక్కటే దొరికింది.

శ్రావణమాసం దగ్గరపడింది. ఉరుకుంద ఈరన్న జాతర.

భీమప్ప గొంతు తగ్గించి చెప్పాడు. "జాతరకు ముందు సీట్లోనే ఇద్దర్ని ఎక్కించల్ల వీరేశం. ఆ సీటు ఆయమ్మకిస్తే జనాన్ని యాడ కూసోబెట్టేది? ఏమనుకోవాకు. వేరే డ్రైవరును మాట్లాడుతాండా."

తాత తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు.

అవ్వ దాన్ని తీసి రొంటిన దోపుకుంది. "రెండు దినాలు ఆగు అన్నా."

మధ్యాహ్నం తాత కునుకు తీస్తుంటే, నూలుపోగుతో ఆయన మొండిచేతి కొలత తీసుకుంది. కమ్మరి మాదన్న దగ్గరకు పోయింది.

మాదన్న గేరు రాడ్డు కొసకు ఒక ఇనుప గిన్నె బిగించాడు. లోపల గుచ్చుకోకుండా, అవ్వ తాను నేసిన గుడ్డను రెండు మడతలేసి కుట్టింది.

తాత అందులో చెయ్యి పెట్టాడు. కాలు అదిమాడు. గేరు పడింది.

ఇంకోటి పడింది.

చెయ్యి తియ్యకుండా అడిగాడు. "ఇది ఉంటే నువ్వు వచ్చే పన్లేదు కదమ్మే?"

"వచ్చే పన్లేదనే సేయించినా."

ఆ గిన్నెతోనే తాత చాలా ఏళ్లు కారు నడిపాడు.

ఆయన పోయాక, నా చిన్నప్పుడు, అవ్వతో ఉరుకుంద బస్సెక్కాను. డ్రైవరుకు ఎడంపక్క ముందు సీటు దొరికింది.

డ్రైవరు మోకాలు దిగినప్పుడల్లా, ఒళ్లో ఉన్న అవ్వ కుడిచెయ్యి కాస్త ముందుకు పోయేది. కాస్త వెనక్కు వచ్చేది. ఆమె మాత్రం కిటికీలోంచి చేలు చూస్తోంది.

ఎత్తు దగ్గర డ్రైవరుకు గేరు తప్పింది. బస్సు కుదిపింది.

అవ్వ చెయ్యి సరిగ్గానే పడింది.

ఉంటాను మరి. ఈ కథ ఎవరికైనా పంపాలనిపిస్తే, బండి నడిపేవాళ్ల పక్క సీట్లో కూర్చునేవాళ్లకు ముందు పంపండి.