తగలకుండా దాటేవి

మార్గో షిఫ్టు దిగే వేళకు తిబో ఎక్కుతాడు. కణాల ప్రయోగశాలలో తెరలు చూసే గది తలుపు దగ్గర కారు తాళం చేతులు మారుతుంది.

"వెనక సీటు కదపకు," అంటుంది మార్గో.

"కదపను," అంటాడు తిబో.

మొగుడూ పెళ్ళాల మాట అంతే. పొద్దున కారులో వచ్చిన ఆమె బస్సులో పోతుంది. బస్సులో వచ్చిన అతను కారులో పోతాడు.

యంత్రంలో సీసం నడిపే ఈ ఒక్క నెలకని స్లొవేకియా నుంచి వచ్చిన యార్మిలా ఆ గదికి షిఫ్టు పెద్ద. వచ్చిన నాటి నుంచీ ఇది చూస్తోంది. కారు వెనక పిల్లల కుర్చీ, దాని మీద ఎర్ర చేతితొడుగు కూడా చూసింది. పాపకెన్నేళ్ళని అడిగితే మూడంది మార్గో. ఎవరు చూసుకుంటున్నారంటే, సెర్జీలో మా అమ్మ దగ్గర ఉందంది.

నేల కింద సొరంగంలో సీసం కేంద్రకాలు ఎదురెదురుగా పరుగెత్తుతుంటాయి. ఢీకొన్నవి ఈ బృందానికి అక్కర్లేదు. తగలకుండా దాటేవే కావాలి. దాటేటప్పుడు ఒకదాని వెలుగు రెండోదాని మీద పడి మీసాన్ అనే కణం పుడుతుంది. పుట్టీ పుట్టగానే పోతుంది. దాన్నెవరూ చూడలేరు. అది పోయిన చోటి నుంచి చెరో దిక్కుకు పోయే రెండు గీతలే తెర మీద పడతాయి. మిగతా అంతా ఖాళీగా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు.

"మీరూ సీసంలాగే ఉన్నారే. పక్కనుంచి పోవడమే గాని తగిలేది లేదు," అంది యార్మిలా ఒకరోజు వాళ్ళిద్దరితో. ఎప్పుడూ అందర్నీ ఆటపట్టించే నేపుల్స్ నుంచి వచ్చిన చీరో కూడా నవ్వలేదు. తన తెర చూసుకున్నాడు.

యార్మిలాకు వాళ్ళ మీద జాలేసింది. ఎవరు ఎప్పుడు కూర్చోవాలో చెప్పేది తనే. ఆఖరి ఆదివారం సాయంత్రం తిబో బదులు తను కూర్చుంటానని, అతన్ని పొద్దుటి షిఫ్టులో మార్గో పక్కన వేసింది. ఒక్క సాయంత్రమైనా ముగ్గురూ కలిసి భోంచేస్తారని.

"వద్దు యార్మిలా," అంది మార్గో.

"నాకేం శ్రమమ్మా. నాకోసం ఎదురుచూసే పిల్లలున్నారా ఏమన్నా?"



ఆదివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కాఫీలు చల్లారిపోయాయి. మధ్యాహ్నం తెర మీద రెండు గీతలు పడ్డాయి. చుట్టూ ఏమీ లేదు.

"ఇదిగో, పుట్టింది," అంది యార్మిలా.

"పోయింది," అన్నాడు తిబో.

షిఫ్టు అయ్యాక యార్మిలా సంచిలోంచి తేనె బిస్కెట్ల పొట్లం తీసింది. "పాపకివ్వు. స్లొవేకియా పెద్దమ్మ ఇచ్చిందని చెప్పు." మార్గో తీసుకుంది. ఇద్దరూ వెళ్ళారు.

కాసేపటికి యార్మిలా కిటికీలోంచి చూసింది. కారుకు ఆ పక్క తిబో, ఈ పక్క మార్గో. పొట్లం కారు పైన ఉంది. ఎవరూ తలుపు తియ్యడం లేదు.

"ఏమయిందిరా వీళ్ళకి?"

చీరో తెర మీంచి తల తిప్పలేదు.

"అక్కా, ఏప్రిల్లో పాపను సెర్జీలో అమ్మమ్మ సమాధి పక్కన పెట్టొచ్చాక, మమ్మల్ని ఒకే షిఫ్టులో వెయ్యొద్దని వాళ్ళిద్దరే అడిగారు."