గోడమీది పొడ

పొడ తగ్గలేదు సరికదా, టైలరమ్మ చెప్పినప్పటికన్నా ఇంకో జానెడు పాకింది.

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని, గోడకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూశారు. పచ్చటి చారలు, మధ్యమధ్య ఎరుపు. వేలితో తాకితే చల్లగా తగిలింది.

"ఏమంటారయ్యగారూ?" అంది టైలరమ్మ. ఆయన చూడటానికి వస్తున్నారని బట్టలన్నీ ముందుగదిలోకి మోసేసింది. కుట్టుమిషను మాత్రం బరువని గోడవారనే వదిలేసింది.

"ఏడు రోజులాగి మళ్ళీ చూడాలమ్మా."

"చట్టం చట్టమే కదా," అని ఆవిడ టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆ చట్టం బైబిల్లోది, మోషే కాలంనాటిది. ఇంటి గోడకు పొడ, అంటే కుష్ఠులాంటి మచ్చ, పడితే ఇంటివాళ్ళు యాజకుడికి, అంటే పూజారికి, చెప్పాలి. 'పొడ' అని వాళ్ళంతట వాళ్ళు తేల్చెయ్యకూడదు; 'పొడలాంటిదేదో కనబడుతోంది' అనే చెప్పాలి. అవునో కాదో చెప్పే నోరు యాజకుడిదే. సామాను బయటికి తీశాక ఆయన వచ్చి చూడాలి. ఏడు రోజులాగి మళ్ళీ వచ్చి చూడాలి. తగ్గకపోతే గోడ గీకించి కొత్త పూత పూయించాలి.

పాస్టరుగారు పదవిలో ఉన్నప్పుడు దీనిమీద ఒక ఆదివారమంతా ప్రసంగించారు. సంఘంలో సగంమంది కునికారు, మిగతా సగం గడియారం చూసుకున్నారు. వెనక బెంచీలో ఒక మనిషి పొల్లుపోకుండా విందని ఆయనకు ఈమధ్యే తెలిసింది. టైలరమ్మ వచ్చి, "అయ్యగారూ, మా గోడమీద పొడలాంటిదేదో కనబడుతోంది," అన్న రోజున.

ఇప్పుడాయన రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గిటారు వాయిస్తాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు జనం ఈయన్ని మర్చిపోయారు. పెళ్ళికీ పిలవరు, చావుకీ పిలవరు. భార్య పోయి మూడో ఏడు. ఇల్లు మాత్రం అద్దంలా ఉంటుంది. తొక్కే కాళ్ళు లేకపోయినా గచ్చు కడగడం మానలేదు. మధ్యాహ్నం కిందినుంచి వినబడే కుట్టుమిషను చప్పుడు ఆగితే, భోజనం వేళయిందని లేచి నిన్నటి కూర వెచ్చబెట్టుకుంటారు.

ఎవరింటికైనా వెళ్ళొచ్చు కదా అంటే, పిలవని పేరంటానికి వెళ్ళే మనిషి కారు. అందులోనూ ఒంటరి ఆడమనిషి ఇంటికి ఊరికే వెళితే చూసేవాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా? పని ఉండాలి. గోడ ఆ పని కల్పించింది. ఆ పొడ కాస్తా మానిందంటే తనను పిలిచే గొంతు లోకంలో ఇంకొకటి లేదని ఆయనకు బాగా తెలుసు.

"నాకొక సందేహం," అంది టైలరమ్మ, టీ గ్లాసు అందిస్తూ. "ఎడారిలో మోషే కర్రతో కొడితే బండలోంచి నీళ్ళొచ్చాయి. అది అద్భుతం అన్నారు. నా గోడలోంచి నీళ్ళొస్తే తెగులెందుకయింది?"

పాస్టరుగారు నవ్వారు. నవ్వి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

"అక్కడ దాహంతో అల్లాడేవాళ్ళున్నారమ్మా. అవసరమైనచోట వస్తే అద్భుతం. అవసరం లేనిచోట వస్తే చెమ్మ."

"ఇక్కడ అవసరం లేదని ఎవరన్నారు?" అందావిడ, తన గ్లాసులోకి చూసుకుంటూ.

పాస్టరుగారు టీ అయిపోయాక కూడా ఖాళీ గ్లాసు పట్టుకుని ఇంకాసేపు కూర్చున్నారు.

మరుసటి వారం ఇంటి ఓనరు మేస్త్రీని పంపాడు. మేస్త్రీ గోడంతా గీకి, సిమెంటు పూసి, "ఇక వందేళ్ళదాకా చూసుకోనక్కర్లేదు," అని చేతులు దులుపుకున్నాడు. దగ్గరుండి చూసిన పాస్టరుగారు, "మంచిది," అన్నారు.

ఆ వారం ఆయనకు ముద్ద దిగలేదు. ఏదో చప్పుడైతే రెండుసార్లు తలుపు తీసి చూశారు. ఒకసారి పాలమనిషి. ఇంకోసారి గాలి. కుర్చీలో కూర్చుని, రాయని ప్రసంగాలు మనసులోనే రాసుకున్నారు. వినేవాళ్ళు లేకపోతే మాటలు కూడా ఎండిపోతాయి.

ఏడోరోజు నిజంగానే ఎవరో తలుపు తట్టారు.

"అయ్యగారూ, పొడలాంటిదేదో మళ్ళీ కనబడుతోంది."

బయట వాన దంచేస్తోంది. ఆయన గొడుగు మాటే తలవకుండా ఆవిడ వెనకాలే బయల్దేరారు.

కొత్త పూతమీద అరచేయంత మచ్చ. పాస్టరుగారి ముఖం వెలిగింది. మరుక్షణమే పాలిపోయింది. పూత పూశాక కూడా పొడ తిరిగొస్తే ఏం చెయ్యాలో చట్టంలో స్పష్టంగా ఉంది. ఇల్లు పడగొట్టాలి. అది పొడ కాదంటారా, ఇల్లు పవిత్రమని చెప్పి తన దారిన తను పోవాలి. ఎటు చెప్పినా మళ్ళీ రావలసిన పని ఉండదు.

"చెప్పండయ్యగారూ. పవిత్రమా, అపవిత్రమా?"

జీవితమంతా ధర్మశాస్త్రంలో పొల్లు కూడా పక్కకు జరగనివ్వని మనిషి. అబద్ధమాడితే నాలుక ఊడిపోతుందని పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. మచ్చను వేలితో మరోసారి తాకి చూశారు.

"ఇది... పచ్చి సిమెంటు చెమ్మ కూడా కావచ్చమ్మా," అన్నారు చివరికి, తలెత్తకుండా. "తొందరపడకూడదు. ఇంకో ఏడు రోజులు చూద్దాం."

టైలరమ్మ నవ్వలేదు. మిషనుమీద చేరిన తడిని గుడ్డముక్కతో తుడిచింది. టీ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత గొంతు బాగా తగ్గించింది.

"అలాగే చూద్దాం గానీ, ఈసారి మీ గచ్చుమీద రెండు చెంబులే పోయండయ్యగారూ, బకెట్టు బకెట్టంతా కుమ్మరిస్తే కింద నా మిషను తుప్పు పడుతోంది."