కౌంటరక్క నేర్పిన మర్యాద

"'మస్ట్' అనే మాట మర్చిపోకు. ఇంగ్లీషులో అంతకు మించిన మర్యాద లేదు," అంది కౌంటరక్క, తాళంచెవులు కొక్కేలకు తగిలిస్తూ.

కొత్తపిల్ల నోటుబుక్కులో రాసుకుని, సందేహంగా తలెత్తింది. "మస్ట్ అంటే తప్పనిసరిగా అని కదక్కా బళ్ళో చెప్పారు? 'మే', 'కుడ్' అంటే మర్యాదన్నారు."

"బళ్ళో చెప్పినవాళ్ళు హోటల్లో పనిచేశారా ఏమిటి? 'మే', 'కుడ్' అడుక్కునేవాళ్ళ మాటలు. మనం 'యూ మస్ట్' అనాలి. కాదనాల్సి వస్తే 'యూ కాంట్' అనాలి. నవ్వుతూ అనాలి సుమా!"

"అలాగే అక్కా."

ఆ 'అక్కా' విన్నప్పుడల్లా కౌంటరక్కకు ఒళ్ళు మండిపోయేది. పద్దెనిమిదేళ్ళుగా ఆ హోటల్ కౌంటరు ఆమెదే. విదేశీయుల నోట విని విని నేర్చుకున్న ఇంగ్లీషు, పొరపాటున కూడా తప్పు పోదు. కంప్యూటరు ముందు కూర్చోబెడితే మాత్రం ఒక్క పేరు కొట్టడానికి అరగంట పడుతుంది. ఈ పిల్ల వేళ్ళేమో మీటల మీద ఆడుకుంటాయి. గదుల బుకింగులన్నీ కంప్యూటర్లోకి మార్చిన నెలలోనే మేనేజరు ఈ పిల్లను తెచ్చి, "నీకొచ్చిన ఇంగ్లీషంతా నేర్పమ్మా" అన్నాడు. ఎందుకో తెలియనంత అమాయకురాలా ఆవిడ? తన కాళ్ళ కిందికి నీళ్ళొచ్చాయని ఇట్టే పసిగట్టింది. ఇంట్లో మంచాన పడ్డ మొగుడి మందులు, పొయ్యిలో మంట, అన్నీ ఈ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. ఇది కాస్తా పోతే ఈ వయసులో పిలిచి పనిచ్చేదెవరు?

అందుకే నేర్పింది. వారం రోజులు కడుపునిండా నేర్పింది. పిల్ల పెదాలు కదుపుతూ వల్లెవేసేది, మధ్యాహ్నం తనే టీ తెచ్చిచ్చేది, "నీ మేలు మర్చిపోనక్కా" అనేది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

ఎనిమిదో రోజు పొద్దున కౌంటరక్క దుప్పట్లు మడతపెట్టే నెపంతో లోపలికి తప్పుకుంది. అప్పుడే విమానం దిగిన విదేశీ ముసలి దంపతులు పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చి గది అడిగారు. గది ఇంకా ఊడ్వలేదు.

కొత్తపిల్ల చక్కగా నవ్వింది. "యూ మస్ట్ వెయిట్."

ముసలావిడ ఉసూరుమంటూ సోఫాలో కూలబడబోయింది. అది అప్పుడే కడిగిన సోఫా, తడి ఆరలేదు.

"యూ కాంట్ సిట్. యూ మస్ట్ స్టాండ్!" అంది పిల్ల, ఇంకా చక్కగా నవ్వుతూ.

ముసలాయన మొహం కందగడ్డలా అయింది. ఆయన అరుపులకు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే కౌంటరక్క కూడా వచ్చింది, నోట్లో తేనె పోసుకున్నట్టు.

"మే ఐ హెల్ప్ యూ, సర్? వుడ్ యూ లైక్ సమ్ టీ?"

ముసలాయన చల్లబడ్డాడు. మేనేజరు చల్లబడలేదు. "ఎవరు నేర్పారు నీకీ పొగరు మాటలు?" అని పిల్ల మీద విరుచుకుపడ్డాడు.

పిల్ల ఒకసారి కౌంటరక్క వైపు చూసింది.

"అక్క బాగానే నేర్పింది సార్. నా బుర్రకే ఎక్కలేదు."

అక్కడికక్కడే పొమ్మన్నాడు మేనేజరు. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంది కౌంటరక్క. జాలి మాట దేవుడెరుగు, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

సాయంత్రం మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు.

"రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదమ్మా. కంప్యూటరూ ఇంగ్లీషూ రెండూ వచ్చినవాళ్ళని చూసుకుంటాను."

"అదేంటి సార్! తప్పు చేసింది ఆ పిల్ల కదా, మధ్యలో నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. ఆ పిల్లను తెచ్చిన రోజే నిన్ను తీసేద్దామనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకుంచారు సార్?"

"నీ పొట్టకొట్టే ఉద్యోగం తనకొద్దని ఆ పిల్లే అడ్డుపడింది."