నిధి తరఫు మనిషి

"వచ్చేశాడు. జుట్టంతా నెరిసింది, మెడలో టై. పెద్దవాడినే పంపారు," అన్నాడు డైరెక్టరు గుమ్మంలోంచే.

ఫిజిసిస్టు తలెత్తలేదు. నీళ్లు నింపిన పెట్టెలో కొలిచే పరికరం దించి, మూడో రీడింగు రాసుకుంటోంది. కేన్సరు ఆసుపత్రి నేలమాళిగలో ఉన్న ఆ కోబాల్ట్ యంత్రం ఎంత బలంగా పనిచేస్తోందో రోజూ పొద్దున్నే మూడుసార్లు కొలిస్తే గాని ఆమె మొదటి రోగిని లోపలికి రానివ్వదు. ఆసుపత్రిలో అందరూ ఆమెను కొలతలమ్మ అంటారు. ఇంట్లో అత్తగారైతే, "మా కోడలు తెల్లారగానే యంత్రానికి జ్వరం చూడ్డానికి పోతుంది" అని చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోతుంది.

నిజానికి యంత్రానికున్నది జ్వరం కాదు, నీరసం. లోపల కిరణాలు వెదజల్లే కోబాల్ట్ ముక్క, అంటే సోర్సు, నెలకు నూటికి ఒక వంతు చొప్పున బలం తగ్గిపోతుంది. ఆరేళ్ల కిందట సోర్సు మార్చిన కొత్తలో రెండు నిమిషాల్లో అయ్యే చికిత్సకు ఇప్పుడు నాలుగు దాటుతోంది. రోజుకు అరవై మంది రోగులు. వరండాలో బెంచీలు చాలక మెట్ల మీద కూర్చుంటున్నారు. కొత్త సోర్సు కొనే స్తోమత ఆసుపత్రికి లేదు. అణుశక్తిని మంచి పనులకు వాడుకోవాలనుకునే వర్ధమాన దేశాల కోసం అన్ని దేశాలూ తలా కొంత వేసే నిధి ఒకటుంది. యంత్రం వచ్చింది అందులోంచే, కొత్త సోర్సుకు అర్జీ పెట్టిందీ దానికే. నెలలు గడిచినా జవాబు రాలేదు. నిన్న మాత్రం డైరెక్టరు ఫోనుకు రెండు ముక్కల సందేశం వచ్చింది. నిధి తరఫున ఒకరు వస్తున్నారు, రెండు వారాలు ఉంటారు, అన్నీ చూపించండి అని.

ఇరవై ఏళ్లుగా ఆ నిధి తరఫున వచ్చినవాళ్లు రెండే రకాలు. నేర్పేవాళ్లు, తనిఖీ చేసేవాళ్లు. నేర్పాల్సింది ఏనాడో అయిపోయింది కాబట్టి ఇతను రెండో రకమని డైరెక్టరు తేల్చేశాడు.

"కాస్త మెత్తగా మాట్లాడమ్మా. మన సోర్సు ఆయన చేతిలో ఉంది."

"ఆ నిధిలో ఏటా మన వాటా కూడా పడుతోంది సార్. మనమేం అడుక్కోవడం లేదు," అంది ఆమె.

నిధి తరఫు మనిషి లోపలికి అడుగు పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. చొక్కాకు బ్యాడ్జీ లేదు. ఒంటికి తగిలే కిరణాలను కొలిచే ఆ బ్యాడ్జీ లేకుండా ఆ గదిలోకి ఎవరూ రాకూడదు, మంత్రిగారైనా సరే. డైరెక్టరు నాలుక కరుచుకున్నాడు. అతను మాత్రం మారుమాట లేకుండా వెనక్కి వెళ్లి బ్యాడ్జీ పెట్టుకొచ్చాడు.

వారం రోజులు ఆమె వెనకే తిరిగాడు. ప్రతిదానికీ ఎందుకు అని అడిగాడు. అన్నీ రాసుకున్నాడు, ఫోటోలు తీసుకున్నాడు. డైరెక్టరు గంటగంటకీ పంపే పళ్లరసం తాగలేక ఇబ్బంది పడ్డాడు. ఆయన తప్పులు ఏరుతున్నాడక్కా అని యంత్రం నడిపే ఆపరేటరు ఆమె చెవిలో ఊదాడు. ఒకరోజు అతను ఇరవై ఏళ్ల కొలతల పుస్తకాలన్నీ తెరిపించి, ఒక్క పొద్దు కూడా ఖాళీ లేకపోవడం చూసి మళ్లీ మొదటి పుస్తకం నుంచి తిరగేశాడు. ఆమెకు గర్వంగా అనిపించింది, దాచుకోలేదు కూడా.

రెండో వారంలో ఆపరేటరు సెలవు పెట్టాడు. అక్కడ ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. ఆ రోజు యంత్రం బలమెంతో ఇద్దరు మనుషులు ఒకరిది ఒకరు చూడకుండా లెక్క కట్టాలి. రెండూ కలిస్తేనే పని మొదలు. రెండో లెక్క తాను కడతానన్నాడు అతను. కట్టాడు. కలవలేదు.

ఆమె చికిత్స ఆపేసింది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. మెట్ల మీద జనం గొణుగుతున్నారు. డైరెక్టరు పరుగున దిగొచ్చి, ఆయన లెక్కే ఖాయం చేసేయమని చెవిలో బతిమాలాడు. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గీత గీతా చూసింది.

"తప్పు మీది. ఇవాళ ఏసీ పనిచేయక గది వేడెక్కింది. వేడికి రీడింగు మారుతుంది, ఆ తేడా మీ లెక్కలోకి రాలేదు. మళ్లీ కట్టండి," అంది అతనితో.

"అరవై మంది ఎదురుచూస్తున్నారమ్మా," అన్నాడు డైరెక్టరు.

"వాళ్ల కోసమే సార్."

అతను తల వంచుకుని మళ్లీ కట్టాడు. ఈసారి కలిసింది. ఆ పూటంతా డైరెక్టరు ఆమె మొహం చూడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నా నోటి దురుసుతో సోర్సు పోగొట్టానేమో అత్తయ్యా," అంది.

"లెక్క నీదే కరెక్టా?"

"నాదే."

"అయితే కాళ్లు కడుక్కునిరా, భోంచేద్దాం," అంది అత్తగారు.

చివరి రోజు డైరెక్టరు గదిలో అతను ఒక కవరు తీసి ఆమె ముందు పెట్టాడు. లోపల మార్కుల పత్రం ఉంది. కొలతలు, లెక్కలు, జాగ్రత్తలు, తప్పు దిద్దుకోవడం అంటూ వరుసగా గడులు. ఏ గడిలోనూ మార్కు లేదు. సున్నాలు వేయడానికి మొహమాటపడ్డాడనుకుంది ఆమె.

డైరెక్టరు ఉండబట్టలేక సోర్సు సంగతి ఎత్తాడు. అతను ఆశ్చర్యపోయాడు.

"దానికి డబ్బు పోయిన నెలే మంజూరైంది కదా. ఈవిడ రికార్డులు చూసే ఇచ్చారట. మీకింకా కబురు రాలేదా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్ల పొద్దులు ఎవరో ఎక్కడో కూర్చుని చదివారు. మెట్ల మీది జనం ఇక అంతసేపు కూర్చోనక్కర్లేదు.

"మరి తనిఖీకి మిమ్మల్నెందుకు పంపారు?" అన్నాడు డైరెక్టరు అయోమయంగా.

అతను పత్రం పైభాగాన వేలు పెట్టి చూపించాడు. ఆమె కళ్లు తుడుచుకుని చదివింది.

నేర్పినవారు అన్నచోట ఆమె పేరు, విద్యార్థి అన్నచోట అతని పేరు ఉన్నాయి.