దాటేసిన ఫోల్డర్

"ఫొటోలు వెతకడానికి నేను రాసిన స్క్రిప్టు నాలుగు లక్షల ఫైళ్లు జల్లెడ పట్టింది వదినా. నీ పేరున్న ఫొటో ఒక్కటీ దొరకలేదు," అన్నాడు మరిది.

"దొరకదని ముందే చెప్పాగా." మూడు వారాల కింద పోయిన భర్త కంప్యూటర్ ముందు కూర్చున్నా, ఆమెకు ఏడుపు రాలేదు.

"అన్నయ్య 'ఆఫీసు' ఫోల్డర్ ఒక్కటే మిగిలింది. పని త్వరగా తెమలాలని దాన్ని దాటెయ్యమన్నావు."

"ఆ ఆఫీసే కదా నా సవతి. అందులో నేనెందుకుంటాను?"

అతను స్క్రిప్టులో ఆ ఫోల్డర్‌ను దాటెయ్యమనే ఒక్క లైనూ చెరిపేసి మళ్లీ నడిపాడు.

తెర మీద పేర్లు వరసగా దిగాయి. 'ఆఫీసు' లోపల, వాళ్ల పెళ్లైన పంతొమ్మిదేళ్లకు పంతొమ్మిది ఫోల్డర్లు. ప్రతిదాంట్లోనూ ఆమె పేరుతో ఫొటోలు.

"తెరవనా వదినా?"

ఆమె చూపు అతను లైను చెరిపిన చోటే ఆగిపోయింది.

"దాటెయ్యమన్నది నేనే కదా," అంది.