తొమ్మిదో నంబరు

"తొమ్మిదో నంబర్‌ను బయటికి పిలవండి. ఇప్పుడే."

దేవకృప గొంతు పెంచలేదు. ఇరవై ఏళ్లుగా తరగతి గదిలో పాఠం చెబుతున్న గొంతు. పెంచాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

కోచ్ విజయేందర్ మాస్కు గడ్డం కిందికి లాక్కుని వెనక్కి తిరిగాడు.

"లోపలికెట్లొచ్చిన్రు మేడం? జనాలకు పర్మిషన్ లేదు. కరోనా రూల్సు."

"రూల్సు మీరు నాకు చెప్పకండి."

మౌలాలి రైల్వే కాలనీ వెనక గ్రౌండ్‌లో సెకండాఫ్ నడుస్తోంది. లాక్‌డౌన్ తరవాత క్లబ్బుకిది రెండో మ్యాచ్. పసుపు జెర్సీ, వీపు మీద తొమ్మిది, దానిపైన 'ఆశీష్' అన్న పేరు. ఆ కుర్రాడు పరుగు ఆపిన ప్రతిసారీ తొడ వెనక చేత్తో పట్టుకుంటున్నాడు.

"చూస్తున్నారా? తొడ పట్టేసింది. నెలల తరబడి ఇళ్లలో కూర్చోబెట్టారు. రెండు వారాలు పరుగెత్తించి మ్యాచ్‌లోకి తోశారు. పోయిన ఆదివారం ఒక పిల్లవాడికి మోకాలి లిగమెంట్ తెగింది. ఆ చప్పుడు గేటు దాకా వినపడిందట. ఇక ఆడలేడన్నారు డాక్టర్లు. ఇంకొకడు కూడా కావాలా మీకు?"

"మీ కోపం నాకు సమజైతది మేడం. నేనేం జేయాలె? స్పాన్సర్ పోయిండు. కొత్త జెర్సీలకు సుత దిక్కు లేదు. ఈ మ్యాచ్ ఓడితే క్లబ్బే ఉండదు. ఆటన్నంక దెబ్బలు తాకుతయి."

"ఎవరికి? మీకా?"

బెంచీ మీద ఎవరో నవ్వారు. "సార్, ఆంటీని సబ్‌స్టిట్యూట్‌గా దింపుదమా?"

దేవకృప తెల్ల గీత దాటి నేరుగా మైదానంలోకి నడిచింది. విజిల్ మోగింది. ఆట ఆగిపోయింది. రిఫరీ చేతులూపుతూ పరుగెత్తుకొచ్చాడు. ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు.

తొమ్మిదో నంబరు కుర్రాడి ముఖం కందిపోయింది.

"నేను రాను. ఈ మ్యాచ్ ఆడకుంటే కాంట్రాక్ట్ పోతది."

"కాలు పోతే?"

"పోతే పోనీ!"

"నోర్ముయ్!"

ఆ ఒక్క మాట మాత్రం గ్రౌండంతా వినపడింది.

మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. కోచ్ తిట్టుకుంటూ ఇంకొకరిని దింపాడు. బెంచీ మీద ఇప్పుడెవరూ నవ్వలేదు.

గీత బయట కూలబడ్డాక కుర్రాడు కాలు చాపబోయాడు. చాపలేకపోయాడు. తొడ వెనక కండరం రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఆమె పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, చల్లటి నీళ్ల సీసా అక్కడ ఆనించి పట్టుకుంది.

అతను తల ఎత్తకుండానే మెల్లగా అడిగాడు.

"ఆంటీ, మీ ఆశీష్ మోకాలు ఎట్లున్నది?"