కుట్టుమిషన్ గుర్తు

లెక్కింపు ఎంతోసేపు పట్టలేదు. వార్డులో పోలైన ఓట్లలో ఒక్కటి తప్ప అన్నీ పెద్దాయనకే పడ్డాయి. కుట్టుమిషన్ గుర్తుకు పడింది ఆ ఒక్కటే.

మైకులో ఆ మాట వినగానే బడి ఆవరణంతా గొల్లుమంది.

"తన ఓటు తనే వేసుకుందర్రా పాపం!" అని అందరికంటే గట్టిగా అరిచాడు కొట్టు మామయ్య.

పెద్దాయన మనుషులు మాత్రం నవ్వలేదు. "ఎవరో కనుక్కోమంటారా అయ్యా?"

"కనుక్కునేదేముంది? అభ్యర్థి ఓటు అభ్యర్థికి. వదిలేయండి."

దర్జీ ఆవిడ తల వంచుకుని ఇంటికొచ్చింది.

కిందటిసారి నిలబడింది ఆమె భర్త. ప్రచారానికని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. అతని కత్తెర ఇప్పటికీ బల్ల మీదే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఈసారి ఆమె నామినేషన్ వేసింది. ఇంటింటికీ తిరిగింది.

"భయపడి వేసింది చాలు. ఈ ఒక్కసారికి ఆశపడి వేయండి" అని అడిగింది. తలుపు ఓరగా తీసి విన్నారు. సరేనని ఒక్కరూ అనలేదు.

పోలింగు నాడు ఓటు వేసే గదిలో, అట్టతెర చాటున, ఆమె చాలాసేపు ఉండిపోయింది. బయటికొచ్చేసరికి మొహమంతా చెమట.

"వేశావా అమ్మా?" అంది కూతురు.

"వేశాను. పద."

ఇప్పుడు ఆ పిల్లే కంచంలో అన్నం పెట్టి, పక్కన కూర్చుని ఓదార్చింది. "పోనీలే అమ్మా. ఎవరూ లేకపోయినా నీకు నువ్వున్నావు."

ఆమె కంచం పక్కకు జరిపింది.

మర్నాటి నుంచి బట్టలు తెచ్చిన ప్రతి మనిషి కళ్లలోకీ ఆమె వెతుకుతూ చూస్తోంది. కొలతలు తీస్తుంటే టేపు జారిపోతోంది.

"ఏంటక్కా, నా మొహంలో ఏమైనా రాసుందా?" అని నవ్వింది పక్కింటి నర్సు.

కొట్టు మామయ్య ఊడిన గుండీ కుట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "దిగులు పెట్టుకోకమ్మా. మళ్లీసారి నిలబడు" అన్నాడు, చాలా మెల్లగా.

ఆమె తలెత్తలేకపోయింది.

అట్టతెర చాటున వణికిపోయి తను పెద్దాయన గుర్తే నొక్కిందని, ఆ ఒక్క ఓటు తనది కాదని, ఆమెతో పాటు ఈ వార్డులో ఇంకొక్కరికి, అది వేసిన మనిషికి, తెలుసు.